పండ్లు తోముకోవడానికి పన్నెండు వేలా?

తెల్లవారుజామున తిరుచానూరు వీధుల్లో ఒక చుట్టు తిరిగితే చాలు, పండ్లు తోముకోవడానికి మనిషి కనిపెట్టిన సాధనాలన్నీ ఒకేచోట కనిపిస్తాయి. రాత్రంతా ప్రయాణం చేసొచ్చిన టూరిస్టు బస్సు ఆగీ ఆగకముందే నోట్లో బ్రష్షులతో కుళాయి చుట్టూ మూగే జనం ఉంటారు. అరుగు మీద కూర్చుని వేపపుల్ల నములుతూ, ఊరి రాజకీయాల మీద తీర్పులిస్తూ, మధ్యమధ్యలో ఉమ్మేసే పెద్దాయన ఉంటాడు. ఆ రెండు పనుల్లో ఏది ఎప్పుడు చేస్తున్నాడో కొంచెం దూరం నుంచి చూస్తే తెలియదు. అరచేతిలో పండ్లపొడి పోసుకుని చూపుడువేలితోనే పని కానిచ్చే అవ్వ ఉంటుంది. కొండకు పోతూ బ్రష్షు ఇంట్లో మరిచొచ్చినవాళ్ళను నమ్ముకుని బతికే బంకులు ఉంటాయి. ఇవన్నీ ఇలా ఉండగా, లాడ్జి గదిలో ఫోన్ ఛార్జరు పక్కనే ఇంకో ఛార్జరు గుచ్చి, దాని మీద బ్రష్షును నిలబెట్టి, అది ఫోన్‌తో మాట కలిపేదాకా నోట్లో పేస్టుతో ఎదురుచూసే కొత్తతరం భక్తుడూ ఉంటాడు. ఆయన చేతిలోది స్మార్ట్ బ్రష్షు. ఈ రకంలో పది వేలు దాటినవి మామూలు, ఇరవై వేలు దాటినవీ ఉన్నాయి. అరుగు మీది పెద్దాయనకు ఆ ధర చెబితే వేపపుల్ల గొంతుకు అడ్డం పడే ప్రమాదముంది కాబట్టి ఎవరూ చెప్పరు. ప్రశ్న మాత్రం న్యాయమైనదే. ఇరవై ముప్పై రూపాయల బ్రష్షుతో అయ్యే పనికి పన్నెండు వేలు ఎందుకు పెట్టాలి? నా తీర్పు ముందే చెప్పేస్తాను. మోటారుకు కొంత డబ్బు పెట్టొచ్చు. తెలివికి పెట్టనక్కర్లేదు. ఆ రెండింటినీ ఒకే డబ్బాలో పెట్టి, మోటారుకున్న మంచిపేరు మీద తెలివిని అమ్మడంలోనే వ్యాపారమంతా ఉంది.

మోటారు పాతది. 1954లో స్విట్జర్లాండులో ఫిలిప్-గీ వూగ్ అనే డాక్టరు బ్రోక్సోడెంట్ అనే కరెంటు బ్రష్షు తయారుచేశాడు. అది గోడలోని ప్లగ్గుకు తీగతో కట్టేసి ఉండేది. నోట్లో నీళ్ళు, చేతిలో కరెంటు తీగ అనే ఆ ఏర్పాటును మన ఇళ్ళలో ఏ అమ్మా ఒప్పుకునేది కాదు. కానీ ఆయన ఉద్దేశం మంచిది. చేతులు సరిగా ఆడని రోగులకూ, పండ్లకు కమ్మీలు వేయించుకున్నవాళ్ళకూ తోముకోవడం సులువు కావాలన్నది ఆయన ఆలోచన. 1960లో అది అమెరికాకు పోయింది. మరుసటి ఏడాది జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీ తీగ పీకేసి, లోపల బ్యాటరీ పెట్టింది. 1990ల మొదట్లో గుండ్రటి తల అటూ ఇటూ తిరిగే ఓరల్-బి రకం, సన్నగా వణికే సోనికేర్ రకం వచ్చాయి. ఈనాటికీ బజారులో ఉన్న కరెంటు బ్రష్షులన్నీ దాదాపు ఆ రెండు కుటుంబాల సంతానమే. తెలివి మాత్రం నిన్నగాక మొన్నటిది. 2014 జనవరిలో లాస్ వేగాస్ ఎలక్ట్రానిక్స్ ప్రదర్శనలో కొలిబ్రీ అనే కంపెనీ ఫోన్‌తో మాట్లాడే బ్రష్షును చూపించింది. మరుసటి నెలలో ఓరల్-బి తన బ్లూటూత్ బ్రష్షును బార్సిలోనాలో చూపించింది. ఎక్కడ? పండ్ల డాక్టర్ల సభలో అనుకునేరు. మొబైల్ ఫోన్ల ప్రదర్శనలో. పిల్లను చూడ్డానికి వచ్చినవాళ్ళు ముందుగా గొడ్ల కొట్టం వైపు నడిస్తే వాళ్ళకు కావలసిందేమిటో ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. 2016లో అదే కంపెనీ ఇంకో అడుగు వేసింది. బ్రష్షు నోట్లో ఏ మూల ఉందో కనిపెట్టడానికి ఫోన్ ముందువైపు కెమెరా వాడుకుంది. అద్దానికి ఫోన్ అతికించి, దానివైపు చూస్తూ తోముకోవాలన్నమాట. లేచీ లేవగానే, జుట్టు రేగిపోయి, నోటి చివర నురగ కారుతుండగా కెమెరా ముందు నిలబడాలనే కోరిక మనిషికి సహజంగా ఉండదు. దాన్ని కూడా అమ్మగలిగారు. 2020లో వచ్చిన ఐఓ రకానికి పిడి మీద చిన్న తెర ఉంది. రెండు నిమిషాలు సరిగా తోమితే ఆ తెర మీద ఒక ముఖం నవ్వుతుంది. బ్రష్షు మెచ్చుకోవాలని ఎదురుచూసే స్థితికి వచ్చామంటే ఇంట్లోవాళ్ళు మనల్ని మెచ్చుకుని ఎన్నాళ్ళయిందో ఆలోచించుకోవాలి.

ఇక ఆధారాల సంగతి. వైద్య పరిశోధనలను కుప్పపోసి, తూర్పారబట్టి, గింజ ఎంత, పొట్టు ఎంత అని తేల్చే కాక్రేన్ అనే అంతర్జాతీయ సంస్థ ఉంది. వాళ్ళు 2014లో కరెంటు బ్రష్షులను మామూలు బ్రష్షులతో పోల్చిన 56 ప్రయోగాలను జల్లెడ పట్టారు. మూడు నెలలలోపు చూస్తే కరెంటు బ్రష్షు వాడినవాళ్ళ పండ్ల మీద పాచి 11 శాతం తక్కువ, మూడు నెలలు దాటాక చూస్తే 21 శాతం తక్కువ. చిగుళ్ళ వాపు మొదట 6 శాతం, తర్వాత 11 శాతం తక్కువ. ఇది చిన్న లాభం కాదు, అట్లని కొండంతా కాదు. ఆ ప్రయోగాలు కొలిచింది పాచినీ చిగుళ్ళ వాపునూ. పుచ్చుపండ్లు తగ్గుతాయా, పండ్లు ఎక్కువకాలం ఊడకుండా ఉంటాయా అన్నది వాటి పరిధిలో లేదు. చాలా ప్రయోగాలకు డబ్బు పెట్టింది బ్రష్షుల కంపెనీలే అన్నదీ మరిచిపోకూడదు. దీర్ఘకాలపు సాక్ష్యం జర్మనీ ఉత్తర ప్రాంతమైన పొమెరేనియా నుంచి 2019లో వచ్చింది. అక్కడ రెండువేల ఎనిమిదివందలకు పైగా మనుషుల నోళ్ళను పదకొండేళ్ళు గమనించారు. కరెంటు బ్రష్షు వాడినవాళ్ళలో చిగుళ్ళ జబ్బు కొంత నెమ్మదిగా ముదిరింది, మిగిలిన పండ్లూ కొంచెం ఎక్కువ. అయితే ఇందులో ఒక మెలిక ఉంది. డబ్బు పెట్టి కరెంటు బ్రష్షు కొనేవాడు మామూలుగానే నోటిని జాగ్రత్తగా చూసుకునే మనిషి అయివుంటాడు. పరిశోధకులు ఇలాంటివాటిని లెక్కలో సర్దుబాటు చేస్తారు గానీ పూర్తిగా తుడిచేయలేరు. అమెరికా దంతవైద్యుల సంఘం మాట ఇంకా తేలిక: మామూలు బ్రష్షుతోనైనా కరెంటు బ్రష్షుతోనైనా పండ్లు శుభ్రం చేసుకోవచ్చు, రోజుకు రెండుసార్లు, రెండేసి నిమిషాలు, ఫ్లోరైడు పేస్టుతో తోముకోండి అంటుంది.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. పైన చెప్పిన 11, 21 శాతాలన్నీ తిరిగే తలకూ వణికే కుచ్చుకూ వచ్చిన మార్కులు. బ్లూటూత్‌కు వచ్చినవి కావు. బ్లూటూత్ వచ్చిన ఏడాదే వెలువడిన ఆ సమీక్షలో ఉన్నవన్నీ అంతకుముందు బ్రష్షుల మీద చేసిన ప్రయోగాలు. వాటికి ఫోన్ అంటే ఏమిటో కూడా తెలియదు. కానీ డబ్బా మీద ఆ మార్కులనూ ఈ తెలివినీ పక్కపక్కన అచ్చేసి, చదివేవాడు రెండూ కలిపి చదువుకునేలా చేస్తారు. తిరుపతివాళ్ళకు దీన్ని అర్థం చేయించడం సులభం. కొండ మీద సర్వదర్శనం ఉచితం. మూడొందలు పెడితే ప్రత్యేక ప్రవేశ దర్శనం, కంపార్టుమెంటులో కూర్చునే గంటలు బాగా తగ్గుతాయి. శ్రీవాణి ట్రస్టుకు పదివేలు విరాళమిచ్చి, ఐదువందల టికెట్టు కొనుక్కుంటే బ్రేక్ దర్శనం. మూడింటిలోనూ దేవుడు ఒక్కడే. అయినా పదివేల ఐదువందలు పెట్టినవాడికి న్యాయంగా ఒకటి దక్కుతుంది: స్వామికి నాలుగడుగులు దగ్గరగా పోతాడు, ‘జరగండి, జరగండి’ అనే కేక కొంచెం ఆలస్యంగా వింటాడు. స్మార్ట్ బ్రష్షుకు పదివేలు ఎక్కువ పెట్టినవాడికి ఆ మాత్రం కూడా దక్కదు. కుచ్చు పంటికి ఎంత దగ్గరగా పోవాలో రెండువేల బ్రష్షులోనూ అంతే దగ్గరగా పోతుంది. ఎక్కువ పెట్టిన డబ్బంతా, ‘మీరు కుడివైపు దవడ వెనక పన్ను మరిచిపోయారు’ అని బయట నిలబడి అరిచే మనిషికి జీతం.

ఆ జీతం ఎంతో లెక్కేద్దాం, ఎందుకంటే లెక్క వేయకుండా కొనే వస్తువుల్లో ఇది పెద్దది. మామూలు బ్రష్షు నలభై రూపాయలనుకుంటే, మూడు నెలలకొకటి మార్చినా ఐదేళ్ళకు రూ.800. మోటారు మాత్రమే ఉన్న రీఛార్జి బ్రష్షు రెండువేలు, దాని తలలు ఒక్కొక్కటి రూ.250 అనుకుంటే ఐదేళ్ళకు ఇరవై తలలు, మొత్తం రూ.7,000. స్మార్ట్ బ్రష్షు పన్నెండు వేలు, దాని తలలు రూ.600 అనుకుంటే ఐదేళ్ళకు రూ.24,000. ఈ ధరలు కొట్టుకూ సేల్ రోజుకూ మారొచ్చు, వరస మాత్రం మారదు. బ్రష్షు ఒకసారి కొంటాం, తల జీవితాంతం కొంటాం; కంపెనీకి పాడి అక్కడే ఉంది. మోటారు బ్రష్షుకూ స్మార్ట్ బ్రష్షుకూ తేడా రూ.17,000. యాభై రూపాయల లడ్డూ లెక్కన 340 లడ్డూలు. రోజుకు నాలుగు నిమిషాల చొప్పున ఐదేళ్ళలో మనం తోముకునేది సుమారు 122 గంటలు. అంటే మన తోముడును కనిపెట్టుకుని ఉన్నందుకు ఆ యాప్‌కు గంటకు నూట నలభై రూపాయలు ముట్టజెబుతున్నాం. రాత్రంతా మేలుకుని లాడ్జి గేటు కాసే మనిషికి అందులో సగం ఇచ్చే యజమాని దొరికితే చెప్పండి, దండం పెట్టుకుందాం.

‘కనిపెట్టుకుని ఉండేవాడు లేకపోతే మనవాళ్ళు రెండు నిమిషాలు తోముతారా?’ అనేది దీనికి వచ్చే మొదటి అభ్యంతరం, అందులో నిజముంది. చాలామంది ముందు నాలుగు పండ్లను తళతళలాడించి, దవడ పండ్లను దేవుడికి వదిలేస్తారు. నవ్వితే కనిపించేవి తోముకుంటే చాలన్నది మన జాతీయ దంతవిధానం. కాబట్టి కాలం చెప్పేది ఒకటి కావాలి, ఒప్పుకుంటాను. గట్టిగా నొక్కి రుద్దేవాళ్ళను ఆపేదీ ఒకటి కావాలి; మడ్డి గిన్నె తోమినట్టు తోమి చిగుళ్ళు అరగదీసుకున్నవాళ్ళు మన ఇళ్ళలో తక్కువేం కాదు. కానీ ఈ రెండు పనులకూ ఫోన్ అక్కర్లేదు. రెండు నిమిషాలకు ఆగిపోయి, ప్రతి ముప్పై సెకండ్లకు ఒకసారి ‘ఇంకో పక్కకు పో’ అని కుదిపే టైమరు రెండు మూడు వేల బ్రష్షుల్లోనే ఉంది. గట్టిగా నొక్కితే ఎర్రలైటు వెలగడమో, జోరు తగ్గడమో కొంచెం మేలురకాల్లో ఉంది. ఇక ఫోన్ స్నానాలగదిలోకి వచ్చిందంటే ఏమవుతుందో తెలియనివాళ్ళు లేరు. యాప్ తెరుద్దామని ఫోన్ తీస్తాం, పైన వాట్సాప్ గుర్తు కనిపిస్తుంది, ఎవరో మేనత్తగారు పంపిన శుభోదయం పువ్వు తెరుస్తాం, కింద ఇంకో వీడియో ఉంటుంది. రెండు నిమిషాల తోముడు కోసం పోయిన మనిషి ఇరవై నిమిషాలకు బయటికొస్తాడు, తోముకున్నదీ లేనిదీ గుర్తుండదు. యాప్‌లు వాడితే తోమే కాలం పెరుగుతుందని చెప్పే అధ్యయనాలు ఉన్నాయి. వాటిలో చాలావరకు కొన్ని వారాలవి, కొన్ని నెలలవి. కొత్త డైరీలో జనవరి పేజీలు నిండడం చూసి ఏడాదంతా నిండుతుందని నమ్మేవాళ్ళకు అవి చాలు. అయినా రాయలసీమ ఇళ్ళలో ఈ సేవ ఒకప్పుడు ఉచితంగా ఉండేది. ‘పండ్లు తోమినావా? ఏదీ, నోరు తెరు’ అనే అవ్వకు ఛార్జింగు అక్కర్లేదు, అప్‌డేటు అక్కర్లేదు. పండ్లు తోమకుండా కాపీ తాగబోతే గ్లాసు లాగేసుకునే సౌకర్యం ఏ యాప్‌లోనూ ఇంతవరకూ రాలేదు.

పిల్లల కోసమైనా కొనాలి కదా అంటారు. బొమ్మలు, నక్షత్రాలు, మార్కులు చూపిస్తే పిల్లలు ఇష్టంగా తోముకుంటారు, అది నిజమే. కానీ ఓరల్-బి, డిస్నీ కలిసి ఇచ్చిన బొమ్మల టైమరు యాప్ మామూలు బ్రష్షుతోనూ పనిచేసేది, అదీ ఉచితంగా. తెలివంతా ఫోన్‌లోనే ఉన్నప్పుడు దాన్ని బ్రష్షులో ఇంకోసారి కొనడం దేనికి? ఏడెనిమిదేళ్ళు వచ్చేదాకా పిల్లల పండ్లు పెద్దలే తోమాలి లేదా పక్కన నిలబడి తోమించాలని దంతవైద్యులు చెబుతారు. ఆ నిలబడే పనిని తప్పించుకోవడానికే చాలామంది నాయనలు స్మార్ట్ బ్రష్షు కొంటారని నా అనుమానం.

పెద్దవయసువాళ్ళ సంగతి వేరు. కీళ్ళవాతంతో వేళ్ళు ముడుచుకుపోయినవాళ్ళు, పక్షవాతం వచ్చి ఒక చెయ్యి పడిపోయినవాళ్ళు, చెయ్యి వణికే జబ్బున్నవాళ్ళు, పండ్లకు కమ్మీలున్న కాలేజీ పిల్లలు, వీళ్ళకు కరెంటు బ్రష్షు విలాసం కాదు. వూగ్ దాన్ని తయారుచేసింది వీళ్ళకోసమే. లావుపాటి పిడి పట్టుకోవడం సులువు, చెయ్యి ఆడించే పని మోటారే చూసుకుంటుంది. ఇంట్లో అలాంటివాళ్ళుంటే ఖర్చు గురించి రెండో మాట లేకుండా కొనివ్వండి. అయితే వాళ్ళకే తెలివి అందరికన్నా తక్కువ అక్కరకొస్తుంది. డెబ్బై ఐదేళ్ళ తాతకు పండ్లు తోముకునే ముందు ఈమెయిల్, పాస్‌వర్డు, ఓటీపీ అంటే, ఆయన ఆ బ్రష్షును దాని డబ్బాలోనే పెట్టి, దీపావళికి ఎవరికైనా ఇచ్చేయమంటాడు. మీట నొక్కితే తిరగాలి, ఇంకోసారి నొక్కితే ఆగాలి. అంతకుమించి తెలివి ఆ ఇంట్లో తాతకు ఉంటే చాలు.

‘రూట్ కెనాల్‌కు వేలకు వేలు పోసేకన్నా ముందే బ్రష్షుకు పోయడం నయం కదా?’ ఇది గట్టి అభ్యంతరం, అమ్మేవాళ్ళకు అన్నిటికన్నా ఇష్టమైనది కూడా. కానీ పన్ను పుచ్చడానికి ముఖ్య కారణం బ్రష్షులో బ్లూటూత్ లేకపోవడం కాదు. నోట్లోని బ్యాక్టీరియా చక్కెరను తిని ఆమ్లం తయారుచేస్తుంది, ఆ ఆమ్లం పంటి పైపొరను కరిగిస్తుంది. ఎంత చక్కెర తిన్నామన్నదానితోపాటు, రోజుకు ఎన్నిసార్లు తిన్నామన్నదీ ముఖ్యం. లడ్డూ మొత్తం ఒకేసారి తిని నోరు పుక్కిలించినవాడికన్నా, ప్రసాదం కదా అని పొద్దుటినుంచి రాత్రిదాకా గోరంత గోరంత తుంచుకుని నోట్లో వేసుకునేవాడి పంటికే ప్రమాదం ఎక్కువ. భక్తికి లోపం రాకుండా ఈ మాట ఎలా చెప్పాలో తెలియక పండ్ల డాక్టర్లు మన ఊళ్ళో చాలా ఇబ్బంది పడుతుంటారు. ఇక చౌకైన రక్షణ పేస్టులో ఉంది. అదే కాక్రేన్ సంస్థ 2003లో చేసిన సమీక్షలో, ఫ్లోరైడు పేస్టు వాడిన పిల్లల్లో పుచ్చు సుమారు 24 శాతం తగ్గిందని తేలింది. పుచ్చును నేరుగా కొలిచి చెప్పిన లెక్క ఇది, కొట్టుకొట్టుకూ దొరికే పేస్టుకు సంబంధించినది. పన్నెండువేల బ్రష్షు మీద ఫ్లోరైడు లేని మూలికల పేస్టు రాసుకునేవాడికన్నా, ముప్పై రూపాయల బ్రష్షు మీద ఫ్లోరైడు పేస్టు రాసుకునేవాడు తెలివైన కొనుగోలుదారు. ఫ్లోరైడు మాట వచ్చింది కాబట్టి మన ప్రాంతపు ఇంకో నిజం కూడా చెప్పాలి. తాగేనీళ్ళలో అది మోతాదు మించితే పండ్ల మీద గోధుమరంగు మచ్చలు పడతాయి, ఎముకలూ పాడవుతాయి. మన దేశంలో ఫ్లోరోసిస్‌ను గుర్తించి 1937లో ప్రకటించింది అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల్లోనే. లోతు బోర్ల నీళ్ళు తాగే ఊళ్ళలో పుట్టి పెరిగినవాడి పంటిమచ్చ ఏ బ్రష్షుకూ పోదు. అది పంటి పైపొర తయారయ్యే వయసులోనే పడిపోయిన మచ్చ. దాన్ని మాయం చేస్తామని అమ్మజూపే బ్రష్షు ఏదైనా, ఎంత తెలివైనదైనా, అబద్ధం చెబుతున్నట్టే.

ఎదురుపక్షం నుంచి అభ్యంతరం రానే లేదనుకోకండి. అరుగు మీది పెద్దాయన ఇంకా అక్కడే ఉన్నాడు. ‘మా తాత తొంభై ఏళ్ళకు చెరుకు కొరికినాడు, బ్రష్షు ముఖం చూసినాడా?’ అని ఆయన ప్రశ్న. వేపపుల్లకు గొప్ప వంశమే ఉంది. పన్నెండు అంగుళాల పొడవు... కాదు, పన్నెండు అంగుళుల పొడవు, అంటే వేళ్ళ కొలతలో, చిటికెనవేలంత లావు ఉండాలని సుశ్రుత సంహిత చెప్పింది. చేదు రకాల్లో వేప, కారపు రకాల్లో కానుగ శ్రేష్ఠమని కూడా చెప్పింది. ఆగమాల్లో దేవుడికి చేసే ఉపచారాల్లోనూ దంతధావనం ఉంది. పాంచరాత్రం ప్రకారం పూజలు జరిగే తిరుచానూరులోనూ, వైఖానసం ప్రకారం జరిగే తిరుమలలోనూ దేవుళ్ళకే ఆ నియమం ఉంటే మనమెంత. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా 1986లో, నమలు పుల్లలు వాడుకలో ఉన్నచోట వాటిని ప్రోత్సహించమంది. కాబట్టి పెద్దాయన వాదంలో సగం నిలబడుతుంది. మిగతా సగం ఎందుకు నిలబడదంటే, తాత తిన్నది రాగిసంకటి, ఊరిబిండి. తాత తాగిన కాపీలో చక్కెర పండక్కో పబ్బానికో. పైగా ముప్పై ఏళ్ళకే బోసినోరైన తాతల గురించి మనవళ్ళు అరుగు మీద కూర్చుని చెప్పరు, చెరుకు కొరికిన తాతే కథలో మిగులుతాడు. పుల్లలో ఫ్లోరైడు ఉండదు, దవడ పండ్ల లోపలివైపుకు పుల్ల అందడం కష్టం. ఇక బొగ్గు, ఇటుకపొడి సంగతి చెప్పనక్కర్లేదు; పన్ను తెల్లగా కనిపించేది పైపొర గీరుకుపోయేదాకానే. రోజుకు మూడుసార్లు టీ, నాలుగు బిస్కెట్లు, సాయంత్రం జిలేబీ తింటూ, తాతగారి పుల్ల మీద భారం వేయడం తాతకూ పుల్లకూ ఇద్దరికీ అన్యాయం.

ఇంకో మాట. స్మార్ట్ బ్రష్షు మన తోముడు లెక్కలన్నీ రాసుకుంటుంది. ఎవరికోసం? అమెరికాలో బీమ్ అనే కంపెనీ బ్రష్షునూ దంతబీమానూ కలిపి అమ్మింది. ఆఫీసువాళ్ళంతా బాగా తోముకుంటే ఆ ఆఫీసు ప్రీమియం తగ్గేలా ఏర్పాటు చేసింది. పక్కసీటువాడు తోముకోకపోతే మన ప్రీమియం పెరిగే రోజు వస్తే, ఆఫీసు మీటింగులు ఏ విషయం మీద జరుగుతాయో ఊహించుకోవచ్చు. మనకు 2023లో వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది. అయినా యాప్ అడిగే షరతులన్నీ చదివి ‘ఒప్పుకుంటున్నాను’ నొక్కిన మనిషి నోట్లో నురగతో ఇంతవరకూ పుట్టలేదు. 2024 ఫిబ్రవరిలో ముప్పై లక్షల స్మార్ట్ బ్రష్షులను దొంగలు వశం చేసుకుని ఒక స్విస్ కంపెనీ వెబ్‌సైటు మీదికి ఉసిగొల్పారని ప్రపంచమంతా వార్త పాకింది. తర్వాత చూస్తే అది జరిగిన సంగతి కాదట, ఇలా జరగొచ్చని చెప్పిన ఉదాహరణట. ఆ మాట చెప్పిన ఫోర్టినెట్ కంపెనీయే వివరణ ఇచ్చుకుంది. ఈ బ్రష్షులు మామూలుగా మాట్లాడేది పక్కనున్న ఫోన్‌తోనే, నేరుగా ఇంటర్‌నెట్‌తో కాదు. కాబట్టి ఆ భయంతో కొనడం మానక్కర్లేదు. మానడానికి ఇంకా సాదా కారణముంది: బ్యాటరీ లోపల మూసేసి ఉంటుంది, చచ్చిపోతే చాలా రకాల్లో మార్చే వీలుండదు, యాప్‌ను కంపెనీ ఆపేస్తే పన్నెండువేల బ్రష్షు ఆ మరుసటి పొద్దుటినుంచి రెండువేల బ్రష్షు అయిపోతుంది. కోల్గేట్ కంపెనీ కూడా 2018లో ఆపిల్ స్టోర్లలో ఈ1 అనే స్మార్ట్ బ్రష్షు పెట్టింది, 2020లో హమ్ అని ఇంకోటి తెచ్చింది. అదే కంపెనీ మన జిల్లాలోనే శ్రీసిటీలో ఫ్యాక్టరీ పెట్టి మామూలు బ్రష్షులు తయారుచేస్తోంది. ఆ కంపెనీకి రెండు బ్రష్షులూ ఒకటే, ఏది కొన్నా సంతోషమే. ఏది కొనాలో తేల్చుకోవాల్సింది మనమే.

ఇంతా విని కూడా కొనాలనిపిస్తే తిరుపతిలో ఏ కొట్టుకైనా పోండి, కానీ అక్కడి అబ్బాయి బ్లూటూత్ గురించి మొదలుపెట్టకముందే మీరే మూడు ప్రశ్నలడగండి. దీని తలలు ఏడాది తర్వాత కూడా మన ఊళ్ళో దొరుకుతాయా, ఒక్కొక్కటి ఎంత? రెండు నిమిషాల టైమరు ఉందా? గట్టిగా నొక్కితే చెబుతుందా? మూడింటికీ అవునని జవాబొచ్చి, ధర మూడువేలలోపు ఉంటే కొనండి. మిగిలిన డబ్బులోంచి కొంత పక్కన పెట్టి, నొప్పి లేకపోయినా ఆరు నెలలకోసారి పండ్ల డాక్టరు దగ్గరికి పోయి పాచి తీయించుకోండి. గట్టిపడి రాయిలా మారిన పాచిని తీసే బ్రష్షు ఇంతవరకూ ఎవరూ తయారుచేయలేదు, ఇరవై వేలకు కూడా.